కుట్లు పడని ఆపరేషన్

మా దగ్గర ఎవరికి ఆపరేషన్ అయినా చూడవచ్చినవాళ్లు మొదట అడిగేది ఒక్కటే. ఎన్ని కుట్లు పడ్డయి? మరాఠీవాళ్లు టాకే అంటారు, ఆఫీసులో హిందీలో టాంకే అంటారు. ప్రశ్న అదే. జవాబును బట్టి తక్కినవన్నీ నడుస్తాయి. ఇంట్లో ఎన్నాళ్లు పథ్యం పెట్టాలి, ఎన్నాళ్లు బిందె ఎత్తనివ్వకూడదు, డ్యూటీకి ఎప్పుడు పోతే జనం తప్పుపట్టరు, అన్నీ. మా అక్క భర్త, మా బావ, దీనికొక సూత్రం కూడా చెప్పేవాడు. కుట్టుకు వారం.

బావకు పదకొండు కుట్లు. ఆయనది లక్కడ్‌కోట్ అనే ఊరు. పత్తి, కంది వేస్తాడు. నాకు వచ్చిన రోగమే ఆయనకు చాలా ఏళ్ల ముందు వచ్చింది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం దారికి అడ్డం పడింది. అప్పట్లో బొడ్డు కింద నుంచి నిలువునా కోసి తీసేవారు. ఆయన ఆ సీజనంతా ఇంటి ముందు మంచం మీద పడుకున్నాడు. పత్తి ఏరింది పాలివాళ్లు. వచ్చినవాళ్లందరికీ చొక్కా ఎత్తి మచ్చ చూపించేవాడు. నాకైతే పెళ్లిళ్లలో కూడా చూపించాడు.

నేను బొగ్గు గనిలో కాంటా బాబును. టిప్పర్ ఖాళీగా ఎంత తూగింది, నిండుగా ఎంత తూగింది, రెంటికీ మధ్య బొగ్గు ఎంత, అది చూడటం నా పని. మా నాయన తెలంగాణ నుంచి బొగ్గు తవ్వడానికి ఇటు, మహారాష్ట్రలోని చంద్రపూర్ వైపు వచ్చినవాడు. నేను ఏడో తరగతితో బడి మానేశాను, అది కూడా మరాఠీ బడి. లెక్క లారీల దగ్గరే నేర్చుకున్నాను. తెలుగు రాయడం పెద్దయ్యాక నాకు నేనే నేర్చుకున్నాను. ఏది చెప్పినా ఎంత అని అడగడం నాకు అలవాటు. చాలా, కొంచెం, తక్కువ అనే మాటలతో టిప్పర్‌ను బయటికి పంపలేం కదా.

అవి అన్నీ తారుమారవుతున్న ఏళ్లు. సరిహద్దు అవతల రాష్ట్రం విడిపోయింది, ఆ తర్వాత జిల్లాలు విడగొట్టారు. ఇవతల మాకేమో గనులు కలుపుతున్నారు. మా గనిని, పక్క గనిని కలిపి ఒకటే ప్రాజెక్టు అన్నారు. రెండు కాంటాలు తీసేసి కొత్తగా ఒకటి కట్టారు. కాబట్టి ఇద్దరు బాబులకు ఒక కుర్చీ. రెండోవాడు పక్క గనిలో చేసే మరాఠీ కుర్రాడు, కంప్యూటర్ బాగా తెలిసినవాడు. నాకు సర్వీసు ఎక్కువ. సర్వీసునే చూస్తామని ఆఫీసరు నోటిమాటగా చెప్పాడు. అయితే కొత్త కాంటాను పరీక్షించే రోజు మనిషి హాజరుగా ఉండాలి, ఆ రోజు ఎవరు కూర్చుంటే వాళ్ల పేరే కంప్యూటర్‌లో ఎక్కుతుంది అన్నాడు.

ఆ కుర్చీ నాకెందుకు కావాలో సూటిగా చెబుతాను. కొత్త కాంటా గదిని ఆనుకుని మరుగుదొడ్డి కట్టారు. కుర్చీ రాకపోతే పంపేది సైడింగుకు, అంటే బొగ్గును రైలు పెట్టెల్లోకి ఎత్తే మైదానానికి. అక్కడ గోడ అనేది లేదు, చెట్టు కూడా లేదు. అప్పటికి నా పరిస్థితి ఏమిటంటే, మూత్రం వచ్చినట్టే వచ్చి రాదు. నిలబడి ఎదురుచూడాలి. బయట టిప్పర్లు హారన్లు కొడుతుంటాయి. గదిలోకి వచ్చి కూర్చోగానే మళ్లీ పోవాలనిపిస్తుంది. అలాంటి మనిషిని సైడింగులో నిలబెడితే ఏమవుతుందో నేను ముందే లెక్క కట్టుకున్నాను.

మందులతో తగ్గే దశ దాటిందని, ఆపరేషన్ తప్పదని కంపెనీ డాక్టరు చంద్రపూర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి రాసి ఇచ్చాడు. దాని ముందు పెద్ద బోర్డు ఉండేది. కోత లేదు, కుట్లు లేవు, మూడో రోజు ఇంటికి. మా వైపు దాన్ని దుర్బీన్ ఆపరేషన్ అంటారు. మూత్రం వచ్చే దారిలోనుంచే సన్నటి గొట్టం పోనిచ్చి, లోపల చూసుకుంటూ అడ్డం ఉన్న కండను గీకి తీస్తారు. నాకు ఆ బోర్డు దేవుడు రాయించినట్టు కనిపించింది. బావలాగా కోయించుకుంటే నెలల తరబడి మంచం, ఆలోపు కుర్చీ పోతుంది. దుర్బీన్ అయితే పరీక్ష రోజుకు లేచి తిరుగుతాను. ఇందులో ఆలోచించడానికి ఏముంది అనుకున్నాను.

డాక్టరు చిన్నవాడు, నన్ను కాకా అని పిలిచేవాడు. కొందరిలో తర్వాత రక్తం పోవచ్చు, కొందరిలో దారి సన్నబడవచ్చు, కొందరికి కొన్నాళ్లు ఆపుకోవడం కష్టం కావచ్చు అని ఒక్క ఊపిరిలో చెప్పాడు. కొందరు అంటే ఎందరని అడిగాను. తక్కువ మంది కాకా, అన్నాడు. నేను సంతకం పెట్టాను. తక్కువ అనేది లెక్క కాదని నాకంటే బాగా తెలిసినవాడు ఆ గదిలో ఇంకొకడు లేడు. అయినా పెట్టాను.

నడుముకు సూది ఇచ్చి కింది సగం మొద్దుబార్చారు. పక్కన టీవీలో లోపలిదంతా కనబడుతోంది. మా నాయన బతికున్నప్పుడు ఒకసారి నన్ను భూగర్భ గనిలోకి తీసుకుపోయాడు. టోపీ దీపం వెలుగులో గ్యాలరీ గోడలు ఎలా తడితడిగా మెరిసేవో, ఇదీ అలాగే ఉంది. ఎర్రటి గోడలు, ముక్కలు ముక్కలుగా ఊడి నీళ్లలో తేలిపోతున్న కండ. నొప్పి లేదు. ఆ మాట నేనే అందరికీ చెప్పాను. అక్కడే నా పని పాడైంది.

మొదటి ఫోను బావదే.

"ఎన్ని కుట్లు పడ్డయి బామ్మర్ది?"

"కుట్లేం లేవు బావా. దుర్బీన్‌తోటి చేసిండ్రు."

"ఒక్కటి గూడ లేదా?"

"లేదు."

పాపం నా కోసం ఏదైనా సంఖ్య వెతికి ఉంటాడు. తర్వాత అన్నాడు, "మరి గదేం ఆపరేషన్ రా? గడ్డం గీకిచ్చుకున్నట్టే గద."

మూత్రం పోవడానికి పెట్టిన పైపు తీసేశాక ఇంటికి పంపారు. బరువు ఎత్తొద్దు, బండి నడపొద్దు, కొన్ని వారాలు జాగ్రత్త అని డాక్టరు చెప్పాడు. అదే నోటితో అన్నీ తినొచ్చు, నడవొచ్చు, పుండు ఏమీ లేదు అని కూడా చెప్పాడు. మా ఆవిడకు రెండో మాటే చెవికెక్కింది. మా ఇళ్లలో కుట్లు పడినవాళ్లకు వంకాయ పెట్టరు, చీము పడుతుందని. పెసరపప్పు, బీరకాయ, అంతే. ఆమె ఆస్పత్రికి పోయేముందే పెసరపప్పు తెచ్చి ఉంచింది. కుట్లే లేకపోతే పథ్యం దేనికని ఆమెకు అర్థం కాలేదు. ఇంటికి వచ్చిన రెండో రోజు వంకాయ కూర వండింది. నాకు వంకాయ ఇష్టమే. కంచం ముందు కూర్చుని, నేను జబ్బు మనిషిని కాదని ఈ ఇంట్లో తీర్మానమైపోయిందని తెలుసుకున్నాను.

చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా అంతే. వస్తారు, అడుగుతారు, లేవని తెలిశాక గనుల సంగతి మాట్లాడి లేచిపోతారు. లోపల ఒక పచ్చి పుండు ఉందని, అది పెద్ద రేగుపండంత ఉంటుందని, దాని మీద నుంచే మూత్రం పారుతోందని, ప్రతిసారీ మంటకు గోడ పట్టుకుంటున్నానని నేను ఎవరికి చూపించాలి, ఎలా చూపించాలి?

కొత్త కాంటా పరీక్ష రోజు వచ్చింది. కాలనీ నుంచి గనికి నడిచే కంపెనీ బస్సును అప్పటికే ఆపేశారు, అది కూడా గనులు కలపడంలో భాగమే. బండి మీదే పోయాను. టిప్పర్లు నలిపిన ఆ రోడ్డు మీద సీటు ఎన్నిసార్లు పొడిచిందో చెప్పను. ఆఫీసరు నన్ను చూసి సంతోషించాడు. "టాంకే కిత్నే?" అన్నాడు. లేవు సాబ్ అన్నాను. శభాష్ అన్నాడు.

కాంటా సరిగ్గా తూస్తోందో లేదో చూడటానికి ముద్ర వేసిన ఇనుప బాట్లు, అంటే తూకపు రాళ్లు, తెచ్చి దాని మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు పేర్చాలి. మోత పని చేసే ఖలాసీలు ఇద్దరే వచ్చారు. తక్కినవాళ్లను కొత్త లిస్టులో ఎక్కడికో వేశారు. ఎండ ఎక్కుతోంది. తనిఖీకి వచ్చినవాళ్లు తొందరపడుతున్నారు. ఆ మరాఠీ కుర్రాడు అప్పటికే చొక్కా చేతులు మడిచి బాట్లు మోస్తున్నాడు. నన్ను చూసి మరాఠీలో అన్నాడు, "భావూ, కుట్లు లేవన్నావు కదా. ఒక చెయ్యి వెయ్యి."

ఎగతాళి కాదు. చెడ్డవాడూ కాదు. అందరి ముందు వెయ్యనంటే నాకు చేతకాదని, కుర్చీకి పనికిరానని అవుతుంది. ఒక బాటు ఎత్తాను. ఇంకొకటి ఎత్తాను. పొట్ట కింద ఏదో సన్నగా తెగినట్టయింది. నొప్పి కూడా కాదు, దారం పుటుక్కుమన్నట్టు. ఇంకొకటి కూడా ఎత్తాను.

మరుగుదొడ్డికి పోతే, హోలీకి మోదుగపూలు నానబెట్టిన నీళ్ల రంగులో వచ్చింది. రెండోసారి పోతే ఇంకా చిక్కబడింది. మూడోసారి పోతే ఏమీ రాలేదు. లోపల గడ్డకట్టి దారి మూసుకుపోయింది. పొట్ట ఉబ్బి రాయిలా అయింది. నేను ఏ మరుగుదొడ్డి కోసం ఇదంతా చేశానో, ఆ మరుగుదొడ్డి గడప మీద కూర్చుని జీపు కోసం అరిచాను.

ఆస్పత్రిలో పెద్ద పైపు వేసి, పిచికారీతో నీళ్లు కొట్టి, లోపలి గడ్డల్ని లాగారు. కార్జం ముక్కల్లా వచ్చాయి. మొద్దుబార్చకుండానే చేశారు. ఆ నొప్పిని పోల్చడానికి నాకు ఇప్పటికీ ఏదీ దొరకలేదు. తర్వాత సీసాల మీద సీసాల నీళ్లు లోపలికి ఎక్కిస్తూ, బయటికి వచ్చేది తెల్లబడేదాకా కాపలా కాశారు. డాక్టరు కోప్పడ్డాడు. బరువు ఎత్తొద్దని చెప్పాను కదా కాకా అన్నాడు. చెప్పాడు, నిజమే. పుండు లేదని కూడా చెప్పాడు.

బావ మళ్లీ ఫోను చేశాడు. ఈసారన్నా పడ్డాయా అని అడిగాడు. లేవని చెప్పాను. "నీ ఆపరేషన్ ఏందో గని, మస్తు చౌకగ అయిపోతుంది నీకు," అన్నాడు.

నేను బెడ్డు మీద ఉండగానే కంప్యూటర్‌లో కుర్రాడి పేరు ఎక్కింది. నన్ను సైడింగుకు వేశారు.

సైడింగు గురించి ఎక్కువ రాయను. రక్తం ఆగింది కానీ ఆపుకునే శక్తి పోయింది. దగ్గినా, తుమ్మినా, వేగంగా నాలుగడుగులు వేసినా చుక్కలు పడేవి. మా ఆవిడ పాత నూలు చీర చింపి మడతలు పెట్టి ఇచ్చేది. నల్ల ప్యాంట్లు కుట్టించుకున్నాను. చంద్రపూర్ ఎండలో, బొగ్గు దుమ్ములో, నీళ్లు తాగడం తగ్గించాను. లోపలికి పోయేది తగ్గితే బయటికి వచ్చేది తగ్గుతుందని కాంటా బాబు లెక్క. శరీరం కాంటా కాదు. మంట పెరిగింది, జ్వరం వచ్చింది, చుక్కలు మాత్రం తగ్గలేదు. గుడ్డ మార్చుకోవడానికి ఖాళీ రైలు పెట్టెల వెనక్కి పోయేవాడిని. అవతలి వైపు నుంచి కూలీ ఆడవాళ్ల మాటలు వినిపిస్తూనే ఉండేవి.

ఇంకొక సంగతి ఉంది. చాలామంది రాయరు. ఆపరేషన్ తర్వాత మొగుడూపెళ్లాల మధ్య జరిగేది జరుగుతుంది కానీ బయటికి ఏమీ రాదు, లోపలికే మళ్లుతుంది. అది ప్రమాదం కాదట, చాలామందికి అలాగే అవుతుందట. తర్వాత అడిగితే డాక్టరు మామూలుగా చెప్పాడు. ముందు చెప్పిన కొందరిలో ఇది లేదు. ఈ వయసులో మీకు దానితో పనేముంది కాకా అని నవ్వాడు.

పని మార్చమని కంపెనీ మెడికల్ బోర్డుకు అర్జీ పెట్టుకున్నాను. ముగ్గురు డాక్టర్లు కూర్చున్నారు. బట్టలు విప్పమన్నారు, పడుకోబెట్టి పొట్ట నొక్కారు. ఒకాయన అటూ ఇటూ చూసి, "నిశాన్ కహా హై?" అన్నాడు. మచ్చ ఎక్కడ అని. మచ్చ ఉండదు సార్, దుర్బీన్‌తో చేశారన్నాను. ఆయన డాక్టరే, ఆయనకు తెలియదా. తెలుసు. అయినా మచ్చ లేని చోట చేతికి రాయడానికి ఏమీ తగల్లేదు. ఫిట్ అని రాసి పంపారు. బయట వరండాలో నాతోపాటు కూర్చున్నవాడికి అపెండిక్స్ తీశారు. పిల్లవాడి వేలంత మచ్చ. వాడికి తేలిక పని వచ్చింది.

వానలు పోయి చలి వచ్చేసరికి ధార సన్నబడింది. మొదట చూసుకోలేదు. చుక్కల మీదే దృష్టి పెట్టినవాడికి ధార సంగతి ఎక్కడ గుర్తుంటుంది. తర్వాత దారమంత అయింది. ఒక పొద్దున పూర్తిగా ఆగిపోయింది. గీకిన చోట లోపల మచ్చ కట్టి దారి బిగుసుకుపోయిందని ఆస్పత్రిలో చెప్పారు. బోర్డు అడిగిన మచ్చ అదే. అది ఉండాల్సిన చోటే ఉంది.

పైపు వేయబోతే పోలేదు. రెండుసార్లు చూసి ఆపేశారు. చివరికి బొడ్డు కింద తిమ్మిరి సూది ఇచ్చి, చిన్న రంధ్రం చేసి, అక్కడి నుంచి నేరుగా మూత్రాశయంలోకి గొట్టం దింపి సంచి తగిలించారు. గొట్టం జారకుండా చర్మానికి నల్లదారంతో కుట్టారు. రెండు కుట్లు. నాకు జరిగినవాటన్నిటిలో నొప్పి లేనిది అదొక్కటే.

ఆ రెండు కుట్ల వార్త ఎలా పోయిందో తెలియదు. మర్నాటికి వార్డులో నా మంచం చుట్టూ మనుషులు. దానిమ్మపండ్లు, కొబ్బరిబొండాలు. మా ఆవిడ ఇంటి నుంచి పెసరపప్పు, మెత్తటి అన్నం తెచ్చింది, పక్కన కూర్చుని తినిపించబోయింది. కాంటా కుర్రాడు వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. అక్కను వెంటబెట్టుకుని బావ లక్కడ్‌కోట్ నుంచి వచ్చాడు. కూర్చోకముందే దుప్పటి ఎత్తి చూశాడు.

"ఎన్ని?"

"రెండు."

"రెండే గని, జాగ మంచిదే," అన్నాడు. తన చొక్కా ఎత్తి, మచ్చ మీద వేలుపెట్టి చూపించాడు. "నాది గీడికెల్లి మొదలు. నీది గీడ. ఇప్పుడు నువ్వు నా లైన్లకొచ్చినవ్ బామ్మర్ది. ఇన్నొద్దులు పానం బాగున్నోని లెక్క తిరిగినవ్. ఇగ పండుకో."

అక్క ఏడ్చింది. ఆపరేషన్ అప్పుడు ఏడవలేదు, రక్తం పోయినప్పుడు ఏడవలేదు. నేను గోడ వైపు తిరిగాను.

ఆఫీసరు కూడా వచ్చాడు. మంచి మనిషి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సంచిని చూసి, గొట్టాన్ని చూసి, ఇంత అయిందని తెలియదు అన్నాడు. తర్వాత నన్ను ఓదార్చడానికే అన్నాడు, "అప్పుడే ఇట్లా కోయించుకుని ఉంటే బాగుండేది బాబూ. పెద్ద ఆపరేషన్ కింద మనిషి సెలవులో ఉంటే సీటును ఎవరికీ ఇవ్వం. తిరిగి వచ్చేదాకా ఖాళీగానే ఉంచుతాం."

నేను ఎప్పుడూ ఎంత అని అడిగేవాడిని. పెద్ద ఆపరేషన్‌కు సెలవెంత అన్నది ఒక్కటి అడగలేదు. కోత పెడితే కుర్చీ పోతుందని నా అంతట నేనే లెక్క కట్టుకున్నాను. కోత పెట్టకపోవడం వల్లే పోయింది.

కొన్ని వారాలకు లోపలి మచ్చను కోసి దారి తెరిచారు. అది మళ్లీ దుర్బీన్‌తోనే, కుట్లు లేకుండానే. ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ధార వచ్చింది. ఇక పొట్ట మీది గొట్టంతో పనిలేదు, తీసేద్దాం కాకా అన్నాడు డాక్టరు. మెడికల్ బోర్డు మళ్లీ కూర్చునేది పై వారం. అప్పటిదాకా ఉంచమని అడిగాను. ఎందుకన్నాడు. ఉంచితే చీము పట్టే ప్రమాదం ఉందన్నాడు. పట్టనీ అన్నాను. నా ముఖం చూసి, బోర్డు కూర్చున్న మర్నాటికి తేదీ రాశాడు.

పనిలేని గొట్టంతో బోర్డు ముందుకు పోయాను. అదే ముగ్గురు. చొక్కా ఎత్తాను, నేను బావలాగే ఎత్తానని ఎత్తాక తెలిసింది. నిశాన్ అడిగినాయన వంగి ఆ నల్ల కుట్ల మీద వేలుపెట్టి చూశాడు. బాధగా నాలుక చప్పరించాడు. తేలిక పని అని రాశారు. హాజరీ గది ముందు స్టూలు, టిప్పర్ డ్రైవర్లకు టోకెన్లు ఇవ్వడం. అక్కడి నుంచి కాంటా గది కనబడుతుంది. మరుగుదొడ్డికి దారి కాంటా గది పక్క నుంచే. నేను పోయేటప్పుడల్లా కుర్రాడు లోపల నుంచి భావూ అని పలకరిస్తాడు.

మర్నాడే ఆస్పత్రికి పోతే సిస్టర్ చిన్న కత్తెరతో రెండు కుట్లు తెంపి, గొట్టం లాగి, దూది అంటించింది. నిమిషం పట్టలేదు. ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద వంకాయ కూర ఉడుకుతోంది. చాలా రోజుల తర్వాత ఆ వాసన.

"కుట్లు పోయినయి గద, ఇగ పథ్యమెందుకయ్యా," అంది మా ఆవిడ. ఆమె ముఖం తేటగా ఉంది.

నేను ముందు లోపలికి పోయి తడిసిన చీర గుడ్డ మార్చుకుని వచ్చి, కంచం ముందు కూర్చున్నాను.